లోపల అడగండి

జూలై 7, సోమవారం

మొన్నటిదాకా ఫోటో స్టూడియో ఉన్న ఎదురు షాపులో కుక్కల డాక్టరు దిగింది. డాక్టర్ అనురాధ. బోర్డు మీద ఉన్న డిగ్రీలు నాకూ ఉన్నవే. ఒకటి ఎక్కువుంది గానీ చిన్న అక్షరాల్లో ఉంది.

అమలాపురంలో కుక్కలకీ పిల్లులకీ క్లినిక్ అంటే పదకొండేళ్లుగా కామేశ్వరరావు గారిదే, అంటే నాదే. ఇంకొకరు వస్తే మంచిదే. ఊరు పెరుగుతోంది, కుక్కలూ పెరుగుతున్నాయి. నాకేమీ అనిపించలేదు. రాత్రి అన్నం సయించలేదు, అది పులుసులో ఉప్పు ఎక్కువై.

జూలై 8

ఉప్పు సరిగ్గానే ఉందంటుంది మా ఆవిడ వీరలక్ష్మి. ఆవిడ చేసిన పులుసుని ఆవిడే సమర్థించుకోవడంలో వింత లేదు.

జూలై 10, గురువారం

ఎదురావిడ ఇంకో బోర్డు పెట్టింది. రేట్ల బోర్డు. చూసినందుకు ఇంత, రేబిస్ టీకాకి ఇంత, గోళ్లు తీస్తే ఇంత, చెవులు కడిగితే ఇంత. హోటల్లో ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా అని రాసినట్టు రాసేసింది.

మా కాంపౌండరు ఏడుకొండల్ని పిలిచి, ఎవరికీ తెలియకుండా ఆ బోర్డు ఫోటో తీసుకురమ్మన్నాను. అతను రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులతో ఫోను పైకెత్తి తీశాడు. ఫ్లాష్ కూడా పడింది. ఆవిడ లోపలి నుంచి నమస్కారం పెట్టిందట. ఇతనూ తిరిగి పెట్టాడట.

వైద్యం ధర గోడ మీద రాసేది కాదు. ఇన్నేళ్లలో నా నోటితో నేను ఎవరికీ ఒక రేటు చెప్పి ఎరగను. అల్లవరం పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం చేసిన రోజుల్లో అసలు ఫీజే లేదు. గేదె ఈనితే జున్నుపాలు తెచ్చేవారు, కొబ్బరి దింపు తీసిన రోజున నాలుగు బొండాలు పంపేవారు. ఎవరైనా మొహమాటపడుతూ "ఎంతండీ" అంటే "మన మధ్య ఆ మాటలేంటండీ" అనడం అక్కడ అలవాటైంది. ఉద్యోగం మానేసి సొంత క్లినిక్ పెట్టాక కూడా అదే మాట అంటున్నాను. కొత్తగా వచ్చిందల్లా గేటు పక్కన ఏడుకొండలు బల్ల.

మా పద్ధతి చాలా సులువు. చూడడం అయిపోయాక నేను వాళ్లని సాగనంపుతాను. నా కుర్చీలోనే ఉండిపోతే ఏడుకొండలు తక్కువ చెబుతాడు. గుమ్మం దాకా వస్తే మధ్యస్థంగా చెబుతాడు. గేటు దాకా వెళ్లానంటే వాళ్లు మస్కట్ వాళ్లో, రొయ్యల చెరువుల వాళ్లో అన్నమాట, దానికి తగ్గట్టు చెబుతాడు. బండారులంక నేతపనివాళ్ల కుక్కకి నేను కుర్చీలోంచి కదలను కూడా. అది నా వంతు సామాజిక న్యాయం. ఆ బోర్డులో న్యాయం ఎక్కడుంది? కారులో దిగినాయనకీ అదే రేటు, సైకిలు మీద వచ్చినాయనకీ అదే రేటు.

జూలై 14

ఇవాళ ఆరు కుక్కలు. వర్షం.

జూలై 15

ఇవాళ నాలుగు. ఎండ.

జూలై 16, బుధవారం

వీరలక్ష్మికి మా ఇంటి కుక్క బుజ్జిగాణ్ణి ఇచ్చి ఎదురింటికి పంపాను. చెవి దురద అని చెప్పమన్నాను. పేరు అడిగితే కనకదుర్గ అని చెప్పమన్నాను. గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లమన్నాను.

అరగంట తరవాత వచ్చింది. గొడుగు మడిచి చేతిలో పట్టుకుని, రోడ్డు మీద అందరికీ కనపడేలా.

"ఏమందేంటి?"

"కామేశ్వరరావు సార్ కులాసానా అండీ అని అడిగిందండీ."

"నువ్వేమన్నావ్?"

"కులాసా అన్నాను. ఇంకేమంటాను?"

తరవాత అన్నం వడ్డిస్తూ తనే మొదలుపెట్టింది. "మంచి పిల్లండీ. చెయ్యి వెయ్యకముందే చెప్పేసింది. చెవి కడిగితే ఇంతవుద్ది, మందు మా దగ్గర ఇంత, బయట కొనుక్కుంటానంటే చీటీ రాసిస్తాను, ఏం చెయ్యమంటారు అని అడిగిందండీ."

"డాక్టరు చెయ్యాలి గానీ అడగడమేంటి?"

"ఏమోనండీ. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. మీరు నా పన్ను పీకించినప్పుడు ఆ కుర్చీలో పడుకున్నంతసేపూ ఎంతడుగుతాడో అనే ఆలోచించేను. నొప్పి సంగతే మర్చిపోయేను."

నొప్పి మరిచిపోవడం మంచిదే కదా అన్నాను. ఆవిడ రెండోసారి పప్పు వెయ్యలేదు.

జూలై 18, శుక్రవారం

అల్లవరం నుంచి సత్యదుర్గ గారు వచ్చారు. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో ఒక్కతే ఉంటుందని ఆరేళ్ల కిందట ఆయన కొనిచ్చి వెళ్లిన లాబ్రడార్, పేరు స్వీటీ. పిల్లగా ఉన్నప్పటి నుంచీ నేనే చూస్తున్నాను. నన్ను చూస్తే తోకతో బల్లమీద సీసాలు పడగొట్టేది. ఇవాళ తోక కదిలించింది గానీ సీసాలేమీ పడలేదు.

అన్నం ముట్టడం లేదు, బిందెలకు బిందెలు నీళ్లు తాగుతోంది, వెనక నుంచి చీము. గర్భసంచి చీముతో నిండిపోయింది. సంచి మొత్తం తీసేయడం తప్ప దారి లేదు. తీసేస్తే బతుకుతుంది. నేను ఇప్పటికి యాభై దాకా చేసుంటాను. ఒకటో రెండో తప్ప అన్నీ లేచి తిరిగాయి. తియ్యకపోతే వారం, పది రోజులు. ఈలోగా చీము పాకకుండా ఇంజెక్షను ఇచ్చి, ఈ సంగతంతా ఆవిడకి వివరంగా చెప్పాను.

"ఎంతవుద్దండీ డాక్టరు గారూ?"

"మన మధ్య ఆ మాటలేంటమ్మా. ముందు అది బతకాలి. ఎల్లుండి పొద్దున్న ఏమీ పెట్టకుండా తీసుకొచ్చేయండి."

"ఆయ్, అలాగేనండీ." కుక్క తల నిమిరింది. "అదే, సుమారుగా ఎంత..."

"మీరు కంగారు పడకండి. నేనున్నాను కదా."

గేటు దాకా వెళ్లాను. ఆటో ఎక్కేదాకా నిలబడ్డాను. ఎప్పుడూ స్కూటీ మీద వచ్చే మనిషి, ఇవాళ ఆటోలో వచ్చింది. స్కూటీ ఏదమ్మా అంటే అమ్మేశానంది. కారు కొంటున్నారు కాబోలు.

జూలై 20, ఆదివారం

సత్యదుర్గ గారు రాలేదు. పొద్దున్నే బల్ల కడిగించి, కత్తెరలూ సూదులూ మరిగించి ఉంచాను. ఏడుకొండల్ని ఆదివారం పూట రప్పించినందుకు పెసరట్లు కూడా తెప్పించాను. ఆషాఢం కదా, అమ్మలక్కలు ఎవరో రోజు బాగాలేదని ఉంటారు. రేపు వస్తుంది.

జూలై 21

రాలేదు.

ఫోన్ చెయ్యమని వీరలక్ష్మి అంటుంది. డాక్టరు తనంతట తాను ఫోన్ చేసి ఆపరేషన్‌కి రండి అంటే, డబ్బు కోసం పిలిచినట్టు ఉండదూ? అది మర్యాద కాదు. నంబరు తీసి బల్ల మీద పెట్టుకున్నాను, అంతే.

జూలై 22, మంగళవారం

తెలిసిపోయింది. సాయంత్రం ఎదురింటి ముందు ఆటో ఆగింది. అందులోంచి లాబ్రడార్ దిగింది. అదే రంగు, అదే నడక. దాన్ని తెచ్చినావిడ ముఖం గొడుగు చాటున కనపడలేదు. కనపడక్కర్లేదు.

జూలై 24, గురువారం

కోపం లేదు. ఒక్క మాట మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. రోగం కనిపెట్టింది నేను. మొదటి ఇంజెక్షను ఇచ్చింది నేను. ఆరేళ్లుగా దాని టీకాలూ, పురుగుల మందులూ, ఒకసారి మింగిన పక్కింటి పిల్లాడి సాక్సు బయటికి తీయించిందీ నేను. ఇప్పుడు బోర్డు మీద నాలుగు అంకెలు కనపడేసరికి ఆ కుక్క అటు వెళ్లిపోయింది. కుక్కకేం తెలుసు పాపం, దాన్ని అనడం లేదు.

సత్యదుర్గ గారిని కూడా అనడం లేదు. ఈ రోజుల్లో మనుషులు అంతే.

ఆ అనురాధని అంటున్నాను. పక్క డాక్టరు చూస్తున్న కేసు వస్తే, వాళ్లతో ఒక మాట అనుకుని చూడడం పద్ధతి. ఆ మాట చెప్పడానికి రోడ్డు దాటి రాలేకపోయింది. నేనైతే వచ్చేవాణ్ణి. చదువులు ఎక్కువై పద్ధతులు తక్కువయ్యాయి. ఇది కోపంతో రాస్తున్నది కాదు. పెన్ను ముల్లు వంగిపోయింది, పాత పెన్ను.

జూలై 26, శనివారం

మధ్యాహ్నం పనిలేక కూర్చుని ఉంటే ఏడుకొండలు గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకున్నాడంటే సెలవైనా అడుగుతాడు, లేదా నాకు నచ్చని మాటైనా చెబుతాడు. సెలవు మొన్ననే పెట్టాడు.

"ఒక మాటండీ. తప్పుగా అనుకోకండి. మీరు గేటు దాకా వస్తుంటే జనం భయపడిపోతన్నారండి."

"మర్యాదకి భయమేంటయ్యా?"

"ఆ లెక్క ఊళ్లో అందరికీ తెలిసిపోయిందండి. మొన్న పామరేనియన్‌ని తెచ్చినాయన, మీరు గుమ్మం దాటి వెనకాలే వస్తన్నారని చూసి కుక్కని చంకలో పెట్టుకుని పరిగెత్తేడండి. చెప్పులు ఇక్కడే వదిలేసేడు. షెడ్డులో ఉన్నాయి."

వెళ్లి చూశాను. ఉన్నాయి. గోధుమ రంగువి, మంచి తోలు.

"మరి సత్యదుర్గ గారు?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు.

"ఆవిడ ఆ రోజు నా బల్ల దగ్గర ఆగి, ఆపరేషన్‌కి ఎంతవుద్ది ఏడుకొండలు గారూ అని అడిగేరండి. మీరేమో ఆటో దాకా వచ్చేసేరాయె. ఆటో దాకా వస్తే ఎంతో నాకూ తెలియదండి. డాక్టరు గారు చెప్తారండి అన్నాను."

రాత్రంతా గాలి. నిద్ర సరిగ్గా పట్టలేదు.

జూలై 28, సోమవారం

ఉన్నదున్నట్టు రాయాలి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇంక దేనికి?

పొద్దున్న రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లాను. అనురాధ లేచి నిలబడి కుర్చీ వేసింది. నేను కుర్చీలో కూర్చుని, వర్షాల గురించి మాట్లాడి, కాఫీ వద్దని, ఇచ్చాక తాగి, చివరికి అడిగాను.

"మన స్వీటీ ఎలా ఉంది?"

"ఏ స్వీటీ సార్?"

"అల్లవరం స్వీటీ. గర్భసంచిలో చీము. మంగళవారం మీ దగ్గరికి వచ్చింది."

"మంగళవారం వచ్చింది మగ కుక్క సార్. కాలు బెణికింది. అల్లవరం నుంచి చీము కేసు ఏదీ రాలేదు."

ఆ అమ్మాయి ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ వైపు చూసింది.

"ఒకావిడ మాత్రం వచ్చేరు సార్. పోయిన శనివారం కాదు, అంతకు ముందు శనివారం. కుక్క లేదు, ఒక్కరే వచ్చేరు. జోరున వాన. బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివి, మళ్లీ చదివి, వెళ్లిపోయేరు."

శనివారం అంటే పందొమ్మిది. నేను రమ్మన్న ఆదివారానికి ముందు రోజు.

"లోపలికి పిలవలేదా?"

అనురాధ ముఖం ఎర్రబడింది. "మీరు పంపించిన మనిషేమో అనుకున్నాను సార్. ఫోటో తీసుకెళ్లేరు, అమ్మగారు కూడా వచ్చేరు కదా. ఇంకొకరేమోలే, చదువుకోనీ అని ఊరుకున్నాను."

బయటికొచ్చి బోర్డు చూశాను. ఇన్నాళ్లూ దూరం నుంచే తిట్టుకున్నాను గానీ పూర్తిగా చదవలేదు. టీకాలు, గోళ్లు, చెవులు, పళ్లు, అన్నిటికీ ధర ఉంది. అన్నిటికన్నా కింద ఆఖరి వరస: ఆపరేషన్లు, లోపల అడగండి.

"కేసుని బట్టి మారుతుంది కదా అని రాయలేదు సార్," అంది నా వెనక నిలబడి.

అడగలేని మనిషే ఇక్కడిదాకా వచ్చి బోర్డు చదువుకుంది. నన్ను రెండుసార్లు అడిగింది. ఏడుకొండల్ని ఒకసారి అడిగింది. నాలుగోసారి అడగడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.

అనురాధ కారులోనే వెళ్లాం. మందులు, సెలైను, కత్తెరలు అన్నీ పెట్టుకున్నాం. దారిలో ఒకసారి ఆ అమ్మాయి "ఇంకా టైముందేమో సార్" అంది. "ఉండొచ్చు" అన్నాను. పది రోజులైందని ఇద్దరికీ తెలుసు.

సత్యదుర్గ గారు మమ్మల్ని చూసి కంగారుగా చీర కొంగు సర్దుకుంది. "అయ్యో, మీరెందుకు వచ్చేరండీ ఇంత దూరం. రండి, కూర్చోండి" అని కుర్చీలు తుడిచింది. ఇల్లు శుభ్రంగా ఉంది. గుమ్మం పక్కన గొలుసు మేకుకి చుట్టి ఉంది.

"శనివారం తెల్లారగట్ట పోయిందండీ," అంది, మేము అడగకుండానే. "పెరట్లోనే పెట్టించేను. ఆఖర్న నీళ్లు కూడా తాగలేదు."

మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది. బొండాలు కొట్టిద్దామంటే దింపు మనిషి రాలేదని, ఏమీ అనుకోవద్దని అంది. మేమా అనుకునేది!

భర్తకి కంపెనీ ఐదు నెలలుగా జీతం ఇవ్వడం లేదట. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండడంతో రావడానికి లేదట. ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదట. స్కూటీ అమ్మింది అందుకే. కారు కొంటున్నారని రాసింది నేనే, పైన ఎక్కడో ఉంది.

"ఎనిమిది వేలు సర్దుకున్నానండీ," అంది. "అంతకన్నా నా వల్ల కాలేదు. తీసుకొచ్చి, బల్లెక్కించేక చాలలేదంటే మీ ముందు ఎలా నిలబడతాను? అందుకని రాలేదు. తప్పు నాదేనండీ. అడగాల్సింది."

అప్పుడు అడిగింది.

"ఇప్పుడనుకుని లాభం లేదనుకోండి. ఊరికే అడుగుతున్నాను. ఎంతయ్యేదండీ డాక్టరు గారూ?"

ఆ ఆపరేషన్‌కి నేను మామూలుగా తీసుకునేది ఆరు వేలు. అనురాధ తీసుకునేదీ ఇంచుమించు అంతే, కారులో చెప్పింది. మస్కట్ వాళ్లు కదా అని నేను ఆవిడకి పన్నెండు వేయించి ఉండేవాణ్ణేమో. కానీ ఎనిమిదే ఉన్నాయని ఆవిడ ఒక్క మాట అని ఉంటే ఎనిమిదీ తీసుకునేవాణ్ణి కాదు. ఈ లెక్కంతా అక్కడ కూర్చుని చేశాను.

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. ఆరు అంటే, ఈ జన్మకి ఆవిడకి నిద్రుండదు.

"పాతిక వేలయ్యేదమ్మా," అన్నాను.

ఆవిడ మెల్లగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. "ఆయ్. పాతికే. అయితే నా వల్ల అయ్యేది కాదులెండి," అంది. అని అనురాధ వైపు చూసింది. బోర్డు పెట్టిన డాక్టరు కదా, ఆవిడ మాట కూడా విందామని.

అనురాధ గ్లాసు కింద పెట్టింది. "అవునండీ. అంతే అవుద్ది," అంది.

నా జీవితంలో నా నోటితో నేను చెప్పిన మొదటి రేటు ఇది.

తిరిగొచ్చేటప్పుడు కారు పక్కకి ఆపి ఆ అమ్మాయి ఏడ్చింది. నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, ఇంటికొచ్చాక వీరలక్ష్మి అడిగితే "కుక్క పోయింది" అని మాత్రం చెప్పి, పాతిక వేల సంగతి చెప్పలేదు.

జూలై 29

క్లినిక్ తియ్యలేదు. జ్వరం అని చెప్పమన్నాను. జ్వరం లేదు.

ఆగస్టు 2

ఎవరినీ సాగనంపడం లేదు. కుర్చీలోనే ఉంటున్నాను. ఏడుకొండలు అందరికీ తక్కువే చెబుతున్నాడు. "ఆరోగ్యం బాగోలేదాండీ సార్‌కి" అని ముగ్గురు అడిగారట.

ఆగస్టు 5, మంగళవారం

అల్లవరం నుంచి మంగరాజు గారని ఎవరో ఫోన్ చేశారు. కొబ్బరి వ్యాపారం. వాళ్ల పామరేనియన్ నాలుగు రోజులుగా తినడం లేదట, నీళ్లు తెగ తాగుతోందట, వెనక నుంచి చీము.

"వెంటనే తీసుకురండి. ఆపరేషన్ చెయ్యాలి."

"దానికోసం కాదండీ ఫోన్ చేసింది. నొప్పి తెలియకుండా పోడానికి ఏదైనా బిళ్లుంటే చెప్తారని. ఆపరేషన్ పాతిక వేలంటగదండీ. మా వల్ల కాదండి బాబూ."

"పాతిక అని ఎవరన్నారు?"

"మీరేనంటండి. పక్కింటి సత్యదుర్గ గారికి చెప్పేరంట కదా. ఎదురు డాక్టరమ్మ గారు కూడా అంతే అన్నారంట. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదండీ."

కాదు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఆరు వేలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అన్నీ కలిపి ఆరు వేలు. రూపాయి ఎక్కువడిగితే ఇవ్వకండి."

"మరి ఆవిడకి పాతిక ఎందుకు చెప్పేరండీ?"

"మీరు కుక్కని తీసుకురండి. ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పకండి."

"ఎందుకండీ?"

"చెప్పకండి, అంతే."

"ఆయ్," అన్నాడు. ఆ "ఆయ్" లో ఏముందో తెలియలేదు.

ఆగస్టు 6, బుధవారం

పామరేనియన్‌కి ఆపరేషన్ అయింది. నేను కోశాను, అనురాధ మత్తు చూసుకుంది. సాయంత్రానికి తలెత్తి ఏడుకొండల్ని కరవబోయింది. బతికినట్టే.

చేతులు కడుక్కుంటూ ఆ అమ్మాయి అంది, "మనం చెప్పిన పాతిక వేలు అల్లవరం అంతా తిరుగుతోంది సార్. ఈయన బిళ్ల కోసం ఫోన్ చేసేరు కాబట్టి తెలిసింది. చెయ్యనివాళ్లు ఎంతమందో."

"ఆవిడకి తెలిస్తే?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను సార్. వారం నుంచీ రంగు డబ్బా తెచ్చుకుని కూర్చున్నాను. ఆ ఆఖరి వరస చెరిపి అంకె వెయ్యడానికి చెయ్యి రావట్లేదు."

ఇద్దరం తువాలు కోసం వెతుక్కున్నాం. ఒకటే ఉంది.

ఆగస్టు 7

వీరలక్ష్మికి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుని, "ఆవిడ కోసం అబద్ధం చెప్పేరు, బాగానే ఉంది. ఇప్పుడు ఆ అబద్ధాన్ని కాపాడ్డానికి ఇంకో కుక్క చావాలా?" అంది.

ఆగస్టు 9, శనివారం

మాకూ బోర్డు పెట్టించాను. పసుపు మీద నల్లక్షరాలు. మా ఇద్దరి బోర్డుల మీదా ఆఖరి వరస ఒకటే ఉండాలనుకున్నాం: గర్భసంచి ఆపరేషన్, మందులతో కలిపి, ఆరు వేలు.

అనురాధ ముందు ఐదు వేల ఎనిమిది వందలు వేసింది. నేను చూశాను. సాయంత్రం చెరిపి ఆరు చేసింది. నేను వెళ్లి వద్దు, ఐదూ ఎనిమిదే ఉంచమన్నాను. నాదీ తగ్గిస్తానన్నాను. ఆవిడ వద్దంది. చాలాసేపు మర్యాదలు జరిగాయి. చివరికి ఆవిడ ఐదూ ఎనిమిదీ, నేను ఐదూ ఏడూ. రేపు ఆవిడ ఏం చేస్తుందో చూడాలి.

అల్లవరం బస్సు దిగినవాళ్లు ఈ వీధిలోంచే బజారుకి వెళ్తారు. అది తెలిసే పెట్టించాను.

ఆగస్టు 11

తొమ్మిది కుక్కలు, రెండు పిల్లులు. నలుగురు బోర్డు చదివి, లోపలికి రాకుండా ఎదురింటికి వెళ్లారు. అటు నుంచి ముగ్గురు ఇటు వచ్చారు.

ఆగస్టు 14, గురువారం

సత్యదుర్గ గారు వచ్చింది.

పదకొండు గంటలప్పుడు పిల్లికి ఇంజెక్షను ఇస్తుంటే కిటికీలోంచి కనపడింది. అనురాధ బోర్డు ముందు నిలబడి ఉంది. పైనుంచి కిందిదాకా చదివింది. రోడ్డు దాటి వచ్చి నా బోర్డు చదివింది. ఆఖరి వరస దగ్గర ఆగింది. లారీ ఒకటి హారన్ కొడితే పక్కకి జరిగి మళ్లీ అక్కడే నిలబడింది.

నేను పిల్లిని వదిలి వెళ్లొచ్చు. పిల్లిని తెచ్చినాయన కూడా వెళ్లమన్నట్టే చూశాడు. నేను సిరంజి పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

ఆవిడే గుమ్మం దాకా వచ్చింది.

"బాగున్నారాండీ డాక్టరు గారూ?"

"బాగున్నానమ్మా. మీరు? ఆయన సంగతి?"

"పాస్‌పోర్టు ఇచ్చేరంటండీ. వచ్చే నెల్లో వచ్చేస్తారు." గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది. "మంగరాజు గారి కుక్క బాగా తిరుగుతోందండీ. మా దొడ్లోకి కూడా వస్తంది."

"మంచిదమ్మా."

"బోర్డు పెట్టేరన్నమాట."

"ఆ. పెట్టాను."

"మంచి పని చేసేరండీ. అక్షరాలు పెద్దవి వేయించేరు. రోడ్డు మీదకి బాగా కనపడతన్నాయి."

ఆవిడ ముఖంలో కోపం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. కళ్లు మాత్రం నా మీద లేవు, బల్ల అంచు మీద సీసాలున్న చోట ఉన్నాయి.

ఈ రోజు కోసం ఒక సమాధానం తయారు చేసుకుని ఉన్నాను. పాతిక ఎందుకు చెప్పానో, అప్పుడు నా మనసులో ఏముందో, అంతా వరసగా, ఆవిడ అడగ్గానే చెప్పేలా. స్నానం చేస్తూ రెండుమూడుసార్లు పైకి అనుకుని కూడా చూసుకున్నాను.

"వస్తానండీ, బస్సు టైమైంది," అని ఆవిడ గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

అడగలేదు.